ఖాలా మేజ మీద నల్ల మరక

బోధన్‌లో మేం కిరాయికున్న ఇల్లు ఒక ముసలి ముస్లిం అమ్మది. ముందరి అర్ర, నడిమి అర్ర, వెనక వంటిల్లు మావి. వాకిలికి అవతలి పక్కనున్న రెండర్రల్లో ఆమె ఒక్కతే ఉండేది. వాడకట్టంతా ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మా, అని పిలిచేది. నేనూ అట్లనే పిలిచేదాన్ని. మా అత్తమ్మ మాత్రం అక్కా అన్నట్టు ఆపా అనేది.

అత్తమ్మ ఎవరినీ తొందరగా దగ్గరికి రానిచ్చే మనిషి కాదు. మోర్తాడ్‌లో పసుపు చేన్ల మధ్య పుట్టి పెరిగి, భర్త పోయాక కొడుకు కొలువు కోసం బోధన్ వచ్చింది. మా ఆయన చెరుకు కాటా దగ్గర పని చేసేవాడు. ఊరు పెద్దదంటే ఆమెకు జంకు. ఆ జంకునంతా కోపంలాగా బయటికి చూపించేది. అట్లాంటి మనిషి పొద్దుగూకే వేళ వాకిట్లో గోనెసంచి పరుచుకొని ఖాలాతో దీపాలు పెట్టేదాకా మాట్లాడేది. ఇద్దరూ భర్తలు పోయినవాళ్లే. మాటలు ఎక్కువగా వాళ్ల గురించి కాదు, మోకాళ్ల నొప్పుల గురించి, కూరగాయల ధరల గురించి.

ఖాలా ఇంట్లో ఒక మేజ ఉండేది. టేకు కట్టెది, రాసుకునే బల్ల. ఆమె భర్త కోర్టు దగ్గర దస్తావేజులు రాసేవాడట. నవీపేట్‌లో కట్టెపని చేసే వడ్లాయన దగ్గర కూర్చొని మరీ దాన్ని చేయించుకున్నాడట. ఏటా రంజాన్ నెలకు ముందు తన చేత్తో తానే లక్క పాలిష్ పెట్టేవాడట. ఖాలా పక్కన కూర్చొని దూదీ బట్టా అందించేదట. ఆయన పోయి చానా ఏండ్లయినా ఆ మేజ మీద చెయ్యి పెడితే నిలిచిన నీళ్ల మీద పెట్టినట్టు చల్లగా, నున్నగా ఉండేది. కిటికీ చువ్వలు అందులో కనబడేవి.

ఒక వానకాలం ముందు ఖాలా కండ్లకు పొర బాగా కమ్మింది. నిజామాబాద్‌లో దుకాణం పెట్టుకున్న కొడుకు వచ్చి, తన దగ్గరే ఉంచుకొని చలికాలంలో కంటి ఆపరేషన్ చేయిస్తానన్నాడు. ఆమె ఇంటి పెంకలు అప్పటికే పగిలి కురుస్తున్నాయి. పోయేముందు ఖాలా అత్తమ్మ చెయ్యి పట్టుకున్నది.

"చెల్లె, మేజ నీ ఇంట్ల పెట్టుకో. ఈడుంటే తడిసి ఖరాబైతది."

"వద్దు ఆపా, నాకు భయమైతది. నీ కొడుకు బండి తెచ్చిండు గద, గది సుత తీస్కపోనియ్యి."

"వాని ఇంట్ల జాగ లేదు. నేను మళ్ల ఈడికే వస్త. కప్పి పెట్టకు, మంచిగ వాడుకో. నిమ్మచెట్టు కాయలు సుత తెంపుకొండ్రి, రాలి మురిగిపోతయి."

మేజను మా ముందరి అర్రలో కిటికీ పక్కన పెట్టారు. అత్తమ్మ దాని మీద పాత జంపకాన కప్పింది. దాని మీద గిలాస పెట్టనివ్వలేదు, మా ఆయన్ను తువ్వాల వెయ్యనివ్వలేదు. రోజూ పొద్దున జంపకాన ఎత్తి, పొడిబట్టతో తుడిచి, మళ్లీ కప్పేది.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒక సాయంత్రం గాలితో కలిసి కొట్టిన వానకు మా వంటింటి పెంకలు కూడా జారాయి. సరిగ్గా పొయ్యి మీదికే ధార పడింది. మా ఆయన నిచ్చెన వేసుకొని పైకెక్కాడు. నేను బియ్యం బస్తాను నడిమి అర్రలోకి గుంజుతున్నాను. బస్తా మీద కప్పడానికి చేతికందింది మేజ మీది జంపకానే. దాన్ని నేనే తీశాను. అత్తమ్మ ఉడుకుతున్న అన్నం గిన్నెను చెంగుతో పట్టుకొని ఉరికొచ్చింది. నేలంతా నీళ్లు. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి గిన్నెను మేజ మీద పెట్టింది. మళ్లీ పోయి తడిసిన ఇనుప పెనం తెచ్చి దాని పక్కన పెట్టింది. అప్పుడామెకు ఆ మేజ ఎవరిదన్న ధ్యాస లేదు. నాకూ లేదు. అన్నం తిన్నాక గిన్నె తీశాం గాని పెనం సంగతి ఇద్దరం మరిచిపోయాం. పొడి జాగా వెతుక్కొని పడుకున్నాం.

పొద్దున అత్తమ్మే పెనం ఎత్తింది. గిన్నె పెట్టినచోట పాలు ఒలికి ఆరినట్టు తెల్లటి మబ్బు. పెనం పెట్టినచోట కాటుకతో గీసినట్టు గుండ్రంగా నల్లటి మరక.

"అయ్యో, నా చేతులు విరగ" అన్నది అత్తమ్మ. చెంగుతో తుడిచింది. పోలేదు. తడి చేసి తుడిచింది. పోలేదు. "తోమితె పోతది" అన్నది, నాతో కాదు, మేజతో అన్నట్టు.

నేను బావి దగ్గరికి పోయి రెండు బిందెలు తోడుకొచ్చేసరికి చింతపండు, బూడిద, కొబ్బరి పీచు పట్టుకొని ఆమె మేజ మీద వంగి ఉంది. గంగాళం తోమినట్టు గుండ్రంగా, బలమంతా పెట్టి రుద్దుతున్నది.

"అత్తమ్మా, అది ఇత్తడి కాదు!" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. నీళ్లు పోసి కడిగి చూసింది. పళ్లెమంత మేర పాలిష్ లేచిపోయి, లోపలి కట్టె తెల్లగా, గీతలు గీతలుగా బయటపడింది. ఆ తెల్లటి కట్టె మధ్యలో నల్లటి గుండ్రం ఇంకా స్పష్టంగా ఉంది. అత్తమ్మ కొబ్బరి పీచును ఒకసారి చూసింది, తన అరచేతిని చూసుకున్నది. "వానల పెట్టిన్నంటె ఎవరైన మాఫ్ చేస్తరు పిల్లా. గిది మాత్రం నేను చేతులార చేసిన" అన్నది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె నడక మారింది. వాకిట్లో గోనెసంచి పరవడం మానేసింది. ఖాలా తలుపు ముందు నుంచి పోవాల్సి వస్తే తల దించుకొని పోయేది, తాళం వేసిన తలుపు తనను చూస్తున్నట్టు. తినేటప్పుడు గోడ వైపు తిరిగి తినేది. బజార్లో ఎవరైనా నిజామాబాద్ నుంచి వచ్చి "ఖాలా మిమ్ముల అడిగింది" అంటే, మంచిదని కూడా అనకుండా ఇంట్లోకి వచ్చేసేది. జంపకాన మళ్లీ మేజ మీద కప్పింది. కాని పొద్దున ఎత్తి చూడటానికి ఆమెకు ధైర్యం చాలేది కాదు. నన్ను చూడమనేది. "ఏమన్న తగ్గిందా?" అని వంటింట్లో నుంచే అడిగేది, అది ఒంటి మీది పుండయినట్టు.

తెల్లటి మబ్బును మాత్రం పోగొట్టగలిగాం. జల్లెడ పట్టిన మెత్తటి బూడిదలో నూనె కలిపి, వేలికొనతో, పసిపిల్లకు పెట్టినట్టు మెల్లగా రాసి తుడిచాను. రెండు మూడు సార్లకు కిటికీ చువ్వలు మళ్లీ ఆ చోట కనబడ్డాయి. అత్తమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది. మొకంలో కొంచెం ప్రాణం వచ్చినట్టనిపించింది. "మరి గా నల్లది?" అన్నది.

బట్టల మీది తుప్పు మరకకు మా అమ్మ నిమ్మరసం పిండేది. అది ఇనుము మరకే గద, ఇదీ ఇనుము మరకే గద అని చెప్పాను. వాకిట్లో ఖాలా నిమ్మచెట్టు నిండా కాసి ఉంది. నేను తెంపబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

"గా చెట్టువి వద్దు."

"ఖాలానే తెంపుకోమన్నది గదా అత్తమ్మా."

"గప్పుడన్నది. ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని తెంపాలె? ఆమె మేజ ఖరాబు చేసి, ఆమె కాయనే తెంపి పిండుతనా?"

మా ఆయనను బజారుకు పంపి, సంతలో కూరగాయలమ్మే మరాఠీ ముసలామె దగ్గర నిమ్మకాయలు తెప్పించింది. మా వాకిట్లో కాయలు పండి రాలి చెట్టు కిందనే మురిగిపోయాయి. ఆ పుల్లటి వాసన చాన్నాళ్లు ఇంట్లోకి వచ్చేది. ఒక్కటి కూడా ఏరనివ్వలేదు.

నిమ్మరసం పని చేసింది. దూదితో అద్ది, కాసేపు ఉంచి, తడిబట్టతో తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ అద్దాం. నల్లది కషాయం రంగుకు వచ్చింది. ఆ తర్వాత వెతికితే గాని కనబడనంత పలచబడింది. కాని చుట్టూ ఉన్న ఎర్రటి మేజ మధ్యలో ఆ తెల్లటి కట్టె, మాసిన గోడ మీద కొత్తగా సున్నం పూసిన అతుకులాగా ఉంది.

మా ఆయన ఒకసారి నవ్వుతూనే అన్నాడు. "ఆమెకు కండ్లే కనబడయి గదనె అవ్వా. ఆపరేషనైనంక సుత ఎంత కనబడ్తదో ఏమో. నువ్వెందుకు గింత పరేషానైతున్నవ్?"

అత్తమ్మ కొడుకు వైపు తిరిగింది. "గందుకేరా" అన్నది.

నిజం చెప్పాలంటే నేను మా ఆయన పక్షమే. చెప్పకుంటే ఏమిటి? ముసలామె మనసుకు సుఖం, మా అత్తమ్మకూ సుఖం. జంపకాన కప్పి తిరిగి ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాను. ఆ మాట అత్తమ్మ ముందు అనలేదు గాని ఆమెకు తెలుసు. అందుకే కావచ్చు, తర్వాతి పని నాతో చెప్పకుండా చేసింది.

తెల్లటి కట్టెకు రంగు రావాలని, తాంబూలంలో వేసుకునే కాచును నీళ్లలో నానబెట్టి, ఆ ఎర్రటి నీళ్లను బట్టతో పూసింది. నేను చూసేసరికి పక్కన ముక్కాలి పీట మీద కూర్చొని ఉంది. చేతిలో బట్ట, ఒళ్లో కాచు గిన్నె. మేజ మీద తెల్లటి జాగా ఎర్రబడింది, అది నిజమే. కాని పలచబడి పోయిందనుకున్న నల్లటి గుండ్రం మొదటికన్నా నల్లగా మళ్లీ తేలింది. కట్టె లోపలికి దిగిన ఇనుముకు కాచు తగిలి అట్లా అయిందని తర్వాత ఖాలా చెప్తేనే మాకు తెలిసింది. ఆ పొద్దు మాత్రం అత్తమ్మకు అది వేరేగా తోచింది.

"నేను ముట్టకుంటేనే మంచిది పిల్లా" అన్నది. "నేను ముట్టుకున్నదల్ల పాడైతున్నది." ఆ తర్వాత మేజను మళ్లీ ముట్టలేదు.

ఖాలా తిరిగి వచ్చేనాటికి చెరుకు ఆడుతున్న కాలం. రోడ్డంతా చెరుకు బండ్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. రిక్షా ముందుకు రాలేక సందు మొదట్లోనే ఆగింది. ఆపరేషన్ చేసిన కన్ను సరిగ్గా కుదరలేదట. ఎవరి తప్పూ లేదు, ఆమెకు చక్కెర జబ్బు ఉండె. వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషి అడ్డం వస్తే తెలుస్తుంది, అంతే. ఇంకో కన్ను మరుసటేడు చూద్దామన్నారట. నేను ఎదురుపోయి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాను. అత్తమ్మ గడపలోనే నిలబడి ఉంది.

"చెల్లె ఏదీ?" అన్నది ఖాలా, వాకిట్లోకి రాగానే.

అత్తమ్మ దిగి వచ్చింది. మంచీ చెడూ అడగలేదు, కూర్చోమనలేదు. ఖాలా చెయ్యి పట్టుకొని నేరుగా ముందరి అర్రలోకి నడిపించుకుపోయింది. జంపకాన తీసింది. ఖాలా వేళ్లను మేజ మీద పెట్టింది. ఖాలా మొకం విప్పారింది. వేళ్లు మెల్లగా ముందుకు జరిగాయి, నున్నటి జాగా దాటి గరుకు జాగాలోకి వచ్చి ఆగాయి.

"ఇదేంది?"

"నేనే ఆపా. వానల ఉడుకు గిన్నె పెట్టిన, తడి పెనం పెట్టిన. మరకైతె బూడిదతోని తోమిన. పాలిషంత పోయింది. నల్లగ గుండ్రంగ మరకున్నది, నీకు కనబడది. ఇగో, గీడ." ఆమె వేలిని పట్టుకొని మరక చుట్టూ తిప్పింది. గొంతులో ఏడుపు లేదు. తీర్పు కోసం వచ్చిన మనిషిలాగా నిలబడి చెప్పింది.

ఖాలా చెయ్యి వెనక్కు తీసుకున్నది. నేను, ఆమె "పోనియ్యి చెల్లె" అంటుందనుకున్నాను. అత్తమ్మ కూడా అదే అనుకొని ఉంటుంది.

"ఎందుకు చెప్పినవ్ చెల్లె?" అన్నది ఖాలా.

అత్తమ్మ జంపకాన మళ్లీ కప్పబోయింది.

"నాకు కండ్లు లెవ్వు. నేను సూశేది ఏమున్నది? నా లోపట మేజ మంచిగుండె. ఆయన పాలిష్ పెట్టినట్టే ఉండె. దవాఖానల పండుకున్నప్పుడు సుత గదే యాదికి తెచ్చుకున్న. ఇప్పుడు మరకనే యాదికొస్తది." గోడ పట్టుకొని వెనక్కు తిరిగింది. "బేటీ, నన్ను నా ఇంట్ల దించు."

తీసుకుపోయాను. తిరిగి వచ్చేసరికి అత్తమ్మ అదే చోట నిలబడి ఉంది.

"నా మనసు అల్కగ చేసుకుందామని బరువు తీస్కపోయి ఆమె నెత్తిన పెట్టిన" అన్నది. చెప్పకపోతేనే బాగుంటుందని అంతకుముందు అనుకున్నదాన్ని నేనే. కాని చెప్పకుండా రోజూ ఆ వాకిట్లో ఆమె ఎదురుగా కూర్చునే అత్తమ్మను కూడా ఊహించుకోలేకపోయాను. ఏది సరో నాకప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఇద్దరి మధ్య మాటల్లేవు. మేజ మా ఇంట్లోనే ఉండిపోయింది. ఖాలా తీసుకుపొమ్మనలేదు, అత్తమ్మ పంపిస్తాననలేదు. పొద్దున రొట్టె, కూర నేను తీసుకుపోతే ఖాలా నా చేతిలోంచి తీసుకునేది. "మీ అత్త తిన్నదా?" అని రోజూ అడిగేది. తిన్నదని చెప్పేదాన్ని. ఇంటికొచ్చాక అత్తమ్మ, "ఆపా తిన్నదా?" అని అడిగేది. తిన్నదని చెప్పేదాన్ని. వాకిలి దాటడానికి పది అడుగులు కూడా లేవు. ఇద్దరిలో ఎవరూ దాటలేదు.

ఒక మధ్యాహ్నం చేతికట్టె తాటిస్తూ, గోడ తడుముకుంటూ ఖాలా మా గడప ఎక్కింది. చంకలో ఒక మూట. కింద కూర్చొని మూట విప్పింది. దూది, తెల్లటి మెత్తని పాత బట్ట, కట్టె రుద్దే నున్నటి రేగ్‌మాల్ కాగితం, ఎండిన చపడా లక్క పొట్టు, ఒక సీసాలో స్పిరిట్. ఆమె భర్త సామానట.

"చెల్లె, రా. కూసో."

అత్తమ్మ వంటింటి తలుపు పట్టుకొని కదల్లేదు. "నేను ముట్ట ఆపా. నేను ముట్టుకుంటె పాడైతది."

"నాకు కనబడదు, నీకు చాతగాదు. ఇద్దరం కలిస్తె ఒక మనిషైతం. రా" అన్నది ఖాలా. గొంతులో ఇంకా కోపం ఉంది. కోపంతోనే పిలిచింది. అందుకే అత్తమ్మ వచ్చింది. మెత్తగా పిలిస్తే వచ్చేది కాదు.

మొదట మళ్లీ నిమ్మరసం పట్టించారు. కాచు పూసిన సంగతి చెప్తే ఖాలా తల కొట్టుకున్నది. "ఇనుము మీద కాచు పోస్తె సిరా అయితది. లక్కకే రంగుంటది, వేరే రంగెందుకు?" అన్నది. మరక పలచబడ్డాక, బాగా ఆరనిచ్చి, రేగ్‌మాల్‌తో రుద్దమన్నది. అత్తమ్మ రుద్దుతుంటే ఖాలా చప్పుడు విని ఆపేది.

"అడ్డం రుద్దకు. కట్టె ఎటు పోతె అటే పో. నీ చెయ్యి కోపంగున్నది."

"నా మీద నాకే కోపం ఆపా."

"గది మేజ మీద చూపకు."

లక్కను స్పిరిట్‌లో కరగబెట్టి, దూదిని బట్టలో చుట్టి, ఒక్క చుక్క నూనె అంటించి, ఒక చివర నుంచి ఇంకో చివరకు ఆగకుండా చెయ్యి పోనివ్వాలి. ఆగితే అక్కడ అంటుకొని లేచిపోతుంది. అత్తమ్మ చెయ్యి మొదట్లో మధ్యలోనే ఆగిపోయేది. ఖాలా ఆమె మణికట్టు పట్టుకొని కూర్చునేది. ఒక పూత పెట్టి, ఆరనిచ్చి, మరుసటి రోజు ఇంకో పూత. నేను పొయ్యి దగ్గర పని చేసుకుంటూ వాళ్ల గొంతులు వినేదాన్ని. మొదట్లో పని మాటలే. తర్వాత మోకాళ్ల నొప్పులు, కూరగాయలు. మళ్లీ నవ్వులు వినబడటానికి చాన్నాళ్లు పట్టింది.

మరుసటేడు చలికాలం రెండో కంటికి ఆపరేషన్ అన్నప్పుడు ఖాలా కొడుకుతో, "నా వెంట చెల్లె వస్తది" అన్నది. ఆమె కోడలు చిన్నబుచ్చుకున్నది కూడా. అత్తమ్మ నిజామాబాద్ పెద్ద దవాఖానలో ఆమె మంచం పక్కన చాప మీద పడుకున్నది. తల కదలకూడదని రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టారట. గంజి చెంచాతో తాగించింది, జడ వేసింది, నమాజు వేళలు గుర్తు చేసింది. అట్లా చేస్తే అప్పు తీరుతుందని అత్తమ్మ అనుకోలేదు. నేనొకసారి చూడపోయినప్పుడు, "నువ్వు అలసిపోయినవు, నేనుంట" అంటే, "ఈడ ఉంటె నిద్ర పడుతున్నది పిల్లా. ఇంట్ల పడుత లేదు" అన్నది. అప్పటికి మరకపడి ఏడాది దాటింది.

ఆ కన్ను బాగా కుదిరింది. సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకొని ఖాలా బస్సు దిగి నడిచి వచ్చింది. మా గడపలో నిలబడి ముందు అత్తమ్మను నిదానంగా చూసింది.

"గింత ముసల్దానివైనవా?" అన్నది.

తర్వాత లోపలికొచ్చి మేజ దగ్గర నిలబడింది. అత్తమ్మ కిటికీ తలుపు పూర్తిగా తెరిచింది. వెలుగు పడకుండా చేయగలిగేదే, చేయలేదు. ఖాలా వంగింది. అద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నది. ఒక పక్క నుంచి, ఇంకో పక్క నుంచి చూసింది.

"కనబడ్తది" అన్నది.

"కనబడ్తదా ఆపా?"

"మంచిగ కనబడ్తది. పాలిష్ కింద నల్లగ. దూరంకెల్లి చూసినా తెలుస్తది."

అత్తమ్మ నేల మీద కూర్చుండిపోయింది. చెంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఇన్నాళ్లలో ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఖాలా ఆమెను ఓదార్చలేదు. ఆమె పక్కనే కూర్చొని, ఏడుపు అయిపోయేదాకా మేజ కాలు పట్టుకొని ఉంది. నాకేం చెయ్యాలో తెలియక చాయ్ పెట్టాను.

"ఎండలు ముదరనీ. ఇంకో పూత పెడదాం" అన్నది ఖాలా, చాయ్ తాగుతూ.

"పోతదా?"

"పోదు. అయినా పెడదాం."

ఆ ఎండకాలం పెట్టారు. మరక కొంచెం మెత్తబడింది గాని పోలేదు. ఆ తర్వాత మా ఆయనకు నిజామాబాద్‌లో వేరే కొలువు దొరికి మేం ఇల్లు ఖాళీ చేశాం. మేజను నలుగురు మోసుకుపోయి ఖాలా అర్రలో దాని పాత జాగాలో పెట్టారు. టాంగాలో సామాను కట్టాక అత్తమ్మ ఖాలా దగ్గర నిలబడి, "ఆపా, గా మేజ..." అని మళ్లీ మొదలుపెట్టింది. ఖాలా ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇద్దరూ అట్లనే నిలబడి ఉన్నారు. టాంగా వాడు రెండు సార్లు కేకేశాడు. నేను వాణ్ని ఇంకొంచెం ఆగమన్నాను.